త్యాగయ్య మనిషిని కొలిచిన తీరు

మనిషి విలువ సంపాదనలో లేదు, నడవడిలో ఉందన్న మాటను పైకి కాదనేవారు ఉండరు. ఇంటికి ఇద్దరు చుట్టాలు వచ్చినప్పుడు ఎవరిని లోపలికి పిలిచి కుర్చీ వేస్తారు, ఎవరిని అరుగుమీదే కూర్చోబెట్టి మాట్లాడి పంపేస్తారు అన్నది చూస్తే మాత్రం లోకం వాడే అసలు కొలత ఏదో తెలిసిపోతుంది. ఆ కొలతను పక్కనపెట్టి బతికినవాళ్ళు తక్కువ. పక్కనపెట్టి, దాని స్థానంలో ఏది ఉండాలో విప్పి చెప్పి, ఆ కొత్త కొలతతో ముందుగా తనను తానే కొలుచుకున్నవాళ్ళు ఇంకా తక్కువ. తెలుగులో అలాంటి వాళ్ళ గురించి మాట్లాడాలంటే కాకర్ల త్యాగరాజు దగ్గర ఆగక తప్పదు. ఆయన సంగీతం గురించి చెప్పుకున్నంతగా ఈ సంగతి చెప్పుకోవడం లేదు.

త్యాగరాజు 1767 మే 4న తిరువారూరులో పుట్టాడు. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. కంభం ప్రాంతంలోని కాకర్ల గ్రామం పేరే ఇంటిపేరయింది. అక్కడినుంచి కావేరీ తీరానికి వలసపోయిన తెలుగు కుటుంబం అది. ఆయన జీవితం చాలావరకు తిరువయ్యారులో, తిరుమంజన వీధిలోని ఒక ఇంట్లో గడిచింది. 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, అక్కడే కన్నుమూశాడు. ఎనభై ఏళ్ళకు కొద్ది నెలలు తక్కువ. ఆ కాలంలో తంజావూరు సీమలో విద్వాంసుడిగా పుట్టినవాడి ముందు దారి ఒకటే కనిపించేది. అది దర్బారుకు వెళ్ళే దారి.

నాయక రాజుల నాటినుంచి తంజావూరులో తెలుగు ఆస్థాన భాష. 1676లో మరాఠాలు గద్దెనెక్కినా ఆ మర్యాద తప్పలేదు. రాజే మరాఠీ మాట్లాడుతూ తెలుగులో యక్షగానాలు రాయించుకునేవాడు, కొందరైతే తామే రాసేవారు. పాటగాడికీ నట్టువాంగం చేసేవాడికీ కవికీ ఆస్థానమే జీతం, ఆస్థానమే బిరుదు, పిల్లల పెళ్ళికి కావలసిన పొలం కూడా ఆస్థానమే. రామబ్రహ్మం స్వయంగా తుళజాజీ రాజు ఆదరణ పొందినవాడని సంప్రదాయం చెబుతుంది. త్యాగరాజు గురువు శొంఠి వెంకటరమణయ్య ఆస్థాన విద్వాంసుడు. అంటే దర్బారు తలుపులు త్యాగరాజుకు మూసి లేవు. గురువుగారు ఒక మాట చెబితే తెరుచుకునేవే.

తరతరాలుగా చెప్పుకొనే కథ ఇక్కడే మొదలవుతుంది. శిష్యుడి పాట సంగతి గురువు ద్వారా రాజు చెవిన పడింది. రెండో శరభోజి కానుకలు పంపి, కొలువుకు వచ్చి తనమీద పాడమని కబురు పెట్టాడు. త్యాగరాజు వద్దన్నాడు. ఆ సందర్భంలోనే కల్యాణి రాగంలో ‘నిధి చాల సుఖమా’ పుట్టిందంటారు. ఆయన జీవితం గురించి మొదట రాసిపెట్టినవాళ్ళు శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతార్. భక్తుల కలంనుంచి వచ్చిన చరిత్ర కాబట్టి అందులో ప్రతి సంఘటననూ అక్షరాలా నమ్మాలని లేదు. పాట మాత్రం కళ్ళముందు ఉంది. దానిలో ఒక విశేషం ఉంది: అది రాజుకు చెప్పిన జవాబు కాదు. రాజు ఊసే అందులో లేదు. తినే తిండిలోని రుచినీ ధ్యానంలోని రుచినీ, అదుపులో ఉన్న ఇంద్రియాల హాయినీ కోరికల బురదనూ పక్కపక్కన పెట్టి, ఏది సుఖమో తేల్చమని ఆయన తన మనసునే నిలదీస్తాడు. చివరకు మనిషిని పొగిడి బతకడంలో ఉన్న సుఖమెంత అన్నదాకా ప్రశ్న వస్తుంది. మనసును అంతగా అడగవలసి వచ్చిందంటే మనసు ఎంతో కొంత అటు మొగ్గిందనే అర్థం. ఆశే లేనివాడు కాదనడంలో గొప్పేముంది?

శరభోజిని ఈ కథలో దుష్టుడిగా చిత్రించడం కొన్ని హరికథల్లోనూ సినిమా కథల్లోనూ అలవాటయింది. అది అన్యాయం. ఆయన చదువుకున్న రాజు. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని అంతటిదిగా పెంచినవాడు. వైద్యం, అచ్చుపని, భాషలు అన్నింటిమీదా ఆసక్తి ఉన్నవాడు. పైగా 1799లో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన ఒడంబడికతో రాజ్యపాలన ఆయన చేయి దాటిపోయింది. కంపెనీ ఇచ్చే ఏటా లక్ష వరహాలు, రాబడిలో అయిదో వంతు ఆయనకు మిగిలాయి. కానుక పంపిన చేయి కూడా మరొకరి దగ్గర పుచ్చుకుంటున్నదే. 1855లో వారసుడు లేడన్న సాకుతో కంపెనీ ఆ నామమాత్రపు రాజరికాన్నీ ఎత్తేసింది. త్యాగరాజు కాదన్నది ఒక చెడ్డ రాజును కాదు, మంచి రాజు దగ్గర కూడా మనిషి తన మాటను తాకట్టు పెట్టవలసిన ఏర్పాటును.

దానికి నరస్తుతి అని పేరు. నరుణ్ణి పొగడకూడదన్న పట్టుదల తెలుగులో త్యాగరాజుతో మొదలైంది కాదు. బమ్మెర పోతన భాగవతాన్ని రాజుకు కాక రాముడికి అంకితమిచ్చాడు. త్యాగరాజు రోజూ పారాయణ చేసిన గ్రంథం అదే. వాలాజాపేట శిష్యుల ఇంట భద్రపడి తర్వాత మదురై సౌరాష్ట్ర సభకు చేరిన తాటాకుల్లో పోతన భాగవతం కూడా ఉంది. గోల్కొండ చెరసాలలో మగ్గిన భద్రాచల రామదాసునైతే దేవగాంధారి రాగ కృతిలో పేరుపెట్టి తలుచుకున్నాడు. ఒక కవి, ఒక తహసీలుదారు, ఒక పాటగాడు. ముగ్గురి వృత్తులూ వేరు, కాలాలు వేరు. అధికారం ఎదుట ముగ్గురి నడక మాత్రం ఒకటే.

కాదనడం ఊరికే అయిపోదు. ఆ ఖర్చు ఇంట్లోవాళ్ళ మీద కూడా పడుతుంది. అన్న జపేశుడు తమ్ముడి నిర్ణయానికి మండిపడి, అతను పూజించే రామ విగ్రహాలను కావేరిలో పడేశాడని కథ. విగ్రహాల సంగతి ఎలా ఉన్నా, అన్నతో పడిన బాధ నిజమేనని తోస్తుంది, ఎందుకంటే కాపి రాగంలోని ఒక కృతిలో త్యాగరాజే ఆ మాట ఎత్తాడు. కథ చెప్పేవాళ్ళు అన్నను కైకేయి పక్కన నిలబెడతారు. కొంచెం ఆగి ఆలోచిస్తే అన్న వాదన నేటికీ ప్రతి ఇంట్లో వినిపించేదే. చేతికందిన ఉద్యోగం వదులుకుని, ఇల్లు గడవక, ఎవరిని ఉద్ధరించడానికి? ఆ ప్రశ్నకు త్యాగరాజు మాటల్లో జవాబు చెప్పలేదు. ఇల్లు గడిపి చూపించాడు.

గడిపిన తీరు ఉంఛవృత్తి. తెల్లవారి స్నానం, పూజ అయ్యాక, చేతిలో తంబురా, రెండో చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు, భుజానికి వేలాడే చెంబుతో వీధిలోకి వెళ్ళేవాడు. వెంట ఇద్దరు ముగ్గురు శిష్యులు. నామకీర్తనలు పాడుతూ నడవాలి. ఏ గుమ్మం ముందూ నిలబడి అడగకూడదు, ఇంత పెట్టమని అనకూడదు. పాట విని ఇల్లాలు బయటికి వచ్చి దోసెడు బియ్యం చెంబులో పోస్తే తీసుకోవాలి, రాకపోతే సాగిపోవాలి. ఆ పూటకు సరిపోయేంత దొరికితే ఇంటికి మళ్ళాలి. రేపటికని దాచకూడదు. వచ్చిన బియ్యం వండి రాముడికి నివేదన పెట్టి, ఇంట్లో ఉన్న శిష్యులూ అతిథులూ అందరూ తినేవారు. ఆయన దివ్యనామ కీర్తనలు గుంపుగా పాడటానికి అంత సుళువుగా ఉండటం వెనక ఈ వీధి నడక ఉంది. నడుస్తూ పాడేవాడికి, వెనక అందుకునేవాడికి, గుమ్మంలో నిలబడి వినేవాడికి ఒకేసారి అందాలి కదా.

ఇక్కడ ఒక సంగతి దాటవేయకూడదు. దోసెడు బియ్యం పోయడానికి ఇంట్లో బియ్యం ఉండాలి. కావేరీ డెల్టాలో పండిన పంట, ఆ పంటమీద బతికిన అగ్రహారాలు, రాజులు పూర్వం ఇచ్చిన మాన్యాలు ఆ ఉంఛవృత్తికి ఆధారం. రాజు డబ్బు ఏ రూపంలోనూ తిరుమంజన వీధికి రాలేదనడం కుదరదు. పొలంలో నాటువేసిన కూలివాడికి భిక్ష ఎత్తే ఈ స్వేచ్ఛ లేదు, అతని పేదరికాన్ని ఎవరూ వైరాగ్యమని మెచ్చుకోలేదు కూడా. కోరి వరించిన లేమికీ, నెత్తినపడ్డ లేమికీ తేడా ఉంది. త్యాగరాజును మెచ్చుకునేటప్పుడు లేమిని మెచ్చుకుంటే దారి తప్పినట్టే. ఆయనలో మెచ్చదగిన గుణం చేతిలో ఏమీ లేకపోవడంలో కాదు, ఉండే అవకాశం వచ్చినా దానికోసం తన నోటిని అమ్ముకోకపోవడంలో ఉంది.

డబ్బు ఆయనకు అంటరానిది కాదనడానికి ఇంకొక కథ సాక్ష్యం. ముసలితనంలో తిరుపతి, కంచి, మద్రాసు వైపు యాత్ర చేశాడు. మద్రాసు దగ్గర కోవూరులో సుందరేశ ముదలియారు ఇంట బస. ఆ ఊరి సుందరేశ్వరుడిమీద అయిదు కృతులు పాడాడు. వాటినే కోవూరు పంచరత్నాలంటారు. బయలుదేరేటప్పుడు ముదలియారు, అడిగితే వద్దంటాడని తెలిసి, వెయ్యి బంగారు నాణేలు పల్లకీలో రహస్యంగా పెట్టించి శిష్యులకు మాత్రం చెప్పాడట. శ్రీరామనవమి ఉత్సవానికని వాళ్ళు ఒప్పుకున్నారు. దారిలో దొంగలు రాళ్ళు రువ్వుతూ వెంటపడ్డారు. అప్పుడు శిష్యులు నిజం బయటపెట్టారు. తన సొమ్మయితే విసిరిపారేయమనేవాణ్ణి, ఇది రాముడి ఉత్సవానికి ఇచ్చిన సొమ్ము కాబట్టి కాపాడుకునే భారం రాముడిదే అన్నాడట త్యాగరాజు. దర్బారు రాగంలోని ‘ముందు వెనుక’ అన్న కృతిని ఈ సంఘటనకు ముడిపెడతారు. కథ జరిగిందో లేదో పక్కనపెట్టినా, దానిని చెప్పుకున్నవాళ్ళకు త్యాగరాజు కొలత బాగా అర్థమైందని ఒప్పుకోవాలి. సొమ్ము ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. ఎవరిది, ఎందుకు వచ్చింది, దాని బదులు ఏమి ఇవ్వాల్సి వచ్చింది అన్నవే ప్రశ్నలు. శరభోజి కానుక బదులు పాట అడిగింది, ముదలియారు నాణేలు ఏమీ అడగలేదు.

సాటి వాగ్గేయకారుల సంగతి చూసినా ఇదే కనిపిస్తుంది. తిరువారూరులోనే పుట్టిన ముత్తుస్వామి దీక్షితులు కూడా ధనంకోసం మనిషిని పొగడనన్నాడని, నగలడిగిన భార్యకు బదులుగా లక్ష్మిమీద లలిత రాగంలో పాడాడని కథ ఉంది. ఆ దీక్షితులే చివరి రోజుల్లో ఎట్టయపురం సంస్థానంలో ఆదరణ పొంది 1835లో అక్కడే పోయాడు. ఆయన తమ్ముడు అక్కడి ఆస్థాన విద్వాంసుడు. దీన్ని ఎవరూ తప్పుపట్టలేదు, పట్టనక్కర్లేదు కూడా. ఆదరణ పొందడం వేరు, నోటిని అమ్ముకోవడం వేరు.

సంపదను కాదన్నవాడు మడినీ ఆచారాన్నీ గొప్పగా చూపుకోవడం ఎక్కడైనా కనిపించేదే. డబ్బున్నవాడి దర్పం పోయి, నిష్ఠగలవాడి దర్పం దిగుతుంది. త్యాగరాజు ఈ రెండోదాన్ని మొదటిదానికన్నా ఎక్కువగా చీల్చి చెండాడాడు. సావేరి రాగంలోని ‘బలము కులము ఏలరా’ కృతిలో వరసపెట్టి అడుగుతాడు. రోజూ తెల్లవారుజామున నీళ్ళలో మునిగే కాకిదీ చేపదీ స్నానమేనా, కళ్ళు మూసుకుని ఒంటికాలిమీద నిలబడే కొంగది ధ్యానమేనా, ఆకులు మేసే మేక చేసేది ఉపవాసమేనా, అడవిలో ఉన్న కోతులది వనవాసమేనా అని. నవ్వు వస్తుంది, వెంటనే ఎవరి గురించి అంటున్నాడో గుర్తుకువస్తుంది కూడా. కులాన్ని పల్లవిలోనే పెట్టడం గమనించదగ్గది. అగ్రహారంలో కూర్చుని అగ్రహారాన్నే అడిగిన ప్రశ్న అది. ఆభోగి రాగ కృతిలో, మనసు నిలపలేనివాడు గంట వాయించి పూజ చేసి ఏం లాభమన్నాడు. ధేనుకలో, పొద్దున్నే లేచి మునిగి, విభూతి పూసుకుని, పైకి భక్తులనిపించుకుని, లోపల డబ్బు లెక్కలు వేసుకునేవారికి భక్తి దారే తెలియదన్నాడు.

ఇంకొక అడుగు వేసి, తన విద్యనే ఆ కొలత కిందికి తెచ్చాడు. ధన్యాసిలోని ఒక కృతిలో, భక్తి లేని సంగీత జ్ఞానం మంచి దారి కాదని తేల్చాడు. ఇది పాటగాళ్ళు సభల్లో పాడి చప్పట్లు అందుకునే పాట. అందులో ఉన్న చురక చప్పట్లకే తగులుతుందని ఎంతమంది గమనిస్తారో. లోకంలో విజయం అంటే డబ్బొక్కటే కాదు. పేరు, నైపుణ్యం, పదిమందిలో మెప్పు కూడా విజయాలే. ధనాన్ని వదిలినవాడు కూడా పేరును వదలలేడు. ‘సంగీత జ్ఞానము’ రాసినవాడికి ఆ సంగతి తెలుసు.

తెలుసుననడానికి గట్టి సాక్ష్యం గౌళ రాగంలోని ‘దుడుకుగల’. కోవూరువి కాక, ఘనరాగ పంచరత్నాలని పేరుపడ్డ అయిదు కృతుల్లో రెండోది. మిగతా నాలుగింటిలో రాముణ్ణీ కృష్ణుణ్ణీ భక్తులనూ పొగిడినవాడు, ఇందులో ఒక నేరస్థుడి పట్టికలాంటిది చదువుతాడు. నేరస్థుడు తానే. చిన్నతనంలోనే భజన రుచి తెలియక కుతర్కాలు ఆడినవాడు, పరుల సొమ్ముకోసం వాళ్ళ మనసు కరిగేలా మాట్లాడి పొట్ట నింపుకున్నవాడు, సుఖంగా బతకడమే బతుకనుకుని రోజులు వెళ్ళదీసినవాడు, స్వరమూ లయా సరిగా తెలియకుండానే మంచి భక్తులతో సమానమని మురిసినవాడు, ఇలాంటివాణ్ణి ఏ దొర కొడుకు కాపాడతాడని అడుగుతాడు. ఇవన్నీ ఆయన చేశాడా? రాజు కానుక తిప్పిపంపినవాడు పరధనం కోసం తిరిగానని ఎందుకంటాడు? భక్తి సాహిత్యంలో ఆత్మనింద ఒక మర్యాద, ఒక మూస కూడా. అయినా ఆ పట్టికలో కొన్ని అంశాలు మరీ పాటగాడి వృత్తికి సంబంధించినవి, లోపల ఉన్నవాడికే తెలిసేవి. ఎదుటివాణ్ణి తూచిన కొలతను తనవైపు తిప్పుకున్నప్పుడు ఆ కొలతలో నిజం ఉందో లేదో తెలుస్తుంది. తిప్పుకోనివాడు నీతి చెబుతున్నాడు, అంతే.

అదే పాటలో ఆ కొలత ఎక్కడ తప్పిందో కూడా కనిపిస్తుంది. తాను చేసిన తప్పుల్లో ఒకటిగా, నటులకూ విటులకూ కింది కులాలవారికీ స్త్రీలకూ, తెలియనివారని వాళ్ళను ఎంచుతూ, ఉపదేశాలు చేసి సంతోషించడాన్ని చెప్పుకున్నాడు. కులంతో పనేమిటని సావేరిలో అడిగినవాడు గౌళలో ఆ మాట అన్నాడు. కులం సూచించే మాటను తర్వాతి కాలంలో కొందరు మార్చి అచ్చువేశారు, మార్చి పాడుతున్నారు. మార్చినంత మాత్రాన ఆ కాలం మారదు. ఎంత పెద్దవాడైనా తన కాలపు గోడల మధ్యనుంచే మాట్లాడతాడన్నది ఒప్పుకుంటే సరిపోయేది. శ్రీరాగంలోని ‘ఎందరో మహానుభావులు’లో ఆయనే ఇంకా విశాలంగా ఆలోచించాడు. అక్కడ నమస్కారం అందుకునేవారికి ఊరు, కులం, హోదా చెప్పలేదు. హృదయంలో ఏం నింపుకున్నారన్నదే చెప్పాడు.

ఆ రెండు పాటల మధ్య దూరాన్ని ఆయన పోయిన డెబ్బై ఎనభై ఏళ్ళకు ఒక స్త్రీ నడిచి దాటింది. బెంగళూరు నాగరత్నమ్మ 1878లో నంజనగూడు దగ్గర దేవదాసి కుటుంబంలో పుట్టింది. సంగీతంలో, నాట్యంలో, సంస్కృతంలో, తెలుగులో దిట్ట. కచేరీలతో మద్రాసులో ఇల్లూ నగలూ సంపాదించింది. లోకపు లెక్కలో విజయం సాధించిన మనిషే, కానీ అదే లోకం ఆమెను పుట్టుకతోనే తక్కువ చేసింది. తంజావూరు ఆస్థానానికే చెందిన ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ను 1910లో ఆమె పూర్తి పాఠంతో అచ్చువేయిస్తే, అది అశ్లీలమన్నారు, రాసినదీ వేశ్య, వేసినదీ వేశ్య అన్నారు. ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు.

తిరువయ్యారులో త్యాగరాజు సమాధి దిక్కులేకుండా పడి ఉందని 1921లో ఆమెకు తెలిసింది. వెళ్ళి చూసి, ఆ చోటు సంపాదించి, గుడి కట్టించే పని మొదలుపెట్టింది. తన సంపాదన అందులో పోసింది. చాలక కచేరీలు చేసి తెచ్చిన డబ్బూ పోసింది. గుడి కట్టినామెకు, ఏటా త్యాగరాజు వర్ధంతికి అక్కడ జరిగే ఆరాధనలో పాడే వీలు లేదు. ఉత్సవాన్ని నడిపే పురుషుల వర్గాలు ఆడవాళ్ళను, అందులోనూ దేవదాసీలను, పాడనివ్వలేదు. ఆమె గొడవపడి ఊరుకోలేదు. స్త్రీలతో విడిగా ఒక బృందాన్ని కట్టి, సమాధి వెనకవైపు పాడించింది. వర్గాలన్నీ ఒకటై ఆడామగా కలిసి కూర్చుని పంచరత్నాలు పాడే పద్ధతి 1940 ప్రాంతంలో గాని కుదరలేదు. నేడు పుష్య బహుళ పంచమినాడు వందలమంది ఒక్క గొంతుతో పాడే ఆ పాటల్లో ‘దుడుకుగల’ కూడా ఉంది. అందులో ఎవరిని తక్కువ చేసిన మాట ఉందో, వాళ్ళలో ఒకామె కట్టించిన గుడి ముందే అది వినిపిస్తుంది.

వయసు మళ్ళాక నాగరత్నమ్మ మద్రాసు వదిలి తిరువయ్యారులోనే ఉండిపోయింది. తన ఆస్తిని సమాధి నిర్వహణకు రాసి, అక్కడ పూజించడానికీ పాడటానికీ దేవదాసీలతో సహా స్త్రీలందరికీ హక్కు ఉండాలని వీలునామాలో షరతు పెట్టింది. 1952లో చనిపోయింది. ఆమె సమాధి త్యాగరాజు సమాధికి దగ్గరలోనే ఉంది.